కొరియా సంస్కర్త యూ కిల్‌చున్

దేశాల జీవితంలో ఒక్కొక్క సంధికాలం వస్తుంది. పాతది నిలువలేని స్థితి. క్రొత్తది ఇంకను వేరు పట్టని స్థితి. అట్టి కాలంలో పుట్టిన విద్యావంతునికి రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. గతాన్ని పట్టుకొని వ్రేలాడటం ఒకటి. క్రొత్తదానిని ప్రజల నెత్తిన బలవంతంగా రుద్దడం మరొకటి. ఈ రెండింటిని తన గ్రంథంలో విశదపరచి కూడ, అధికారం చేతికి వచ్చినప్పుడు రెండవ ప్రమాదంలో తానే పడిన ఒక మేధావి జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచదలచాము. ఆయన కొరియా రచయిత, రాజకీయవేత్త యూ కిల్‌చున్. మనవలెనే కొరియావారు కూడ ఇంటిపేరును ముందు వ్రాస్తారు. యూ అన్నది ఇంటిపేరు.

కిల్‌చున్ 1856లో సియోల్ నగరంలో ఉన్నత వంశంలో జన్మించాడు. చీనా ప్రాచీన గ్రంథాలను వల్లె వేసి, రాజప్రభుత్వం నిర్వహించే పరీక్షలో నెగ్గి, కొలువు సంపాదించడమే ఆనాటి కులీన యువకుల లక్ష్యం. ఆయన కూడ ఆ చదువే చదివాడు. కాని పాక్ క్యుసూ అనే వృద్ధ రాజనీతిజ్ఞుని శిష్యరికం ఆయన దృష్టిని మార్చింది. సముద్రాలకావలి దేశాలను వర్ణించిన ఒక చీనా గ్రంథం చదివిన పిమ్మట ఆ పరీక్షలమీద ఆయనకు ఆసక్తి నశించింది.

1881లో కొరియా ప్రభుత్వం జపానుకు పంపిన పరిశీలకులలో ఒ యున్‌జుంగ్ అనే అధికారి ఒకడు. ఆయన పరివారంలో ఒకనిగా కిల్‌చున్ వెళ్లి, ఫుకుజావా యుకిచి స్థాపించిన కెయో విద్యాలయంలో చేరాడు. 1883లో అమెరికాకు వెళ్లిన తొలి కొరియా రాయబార బృందంలోను ఆయనకు చోటు దొరికింది. బృందం తిరిగి వచ్చినా తాను అక్కడనే నిలిచి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం పట్టణంలో జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మోర్స్ వద్ద చదువుకొన్నాడు. తలపైని సిగను తీసివేసి పాశ్చాత్య వేషం ధరించాడు. తరువాత సమీపంలోని గవర్నర్ డమ్మర్ అకాడమీలో ప్రవేశించాడు.

ఇంతలో 1884 డిసెంబరులో సియోల్‌లో ఆయన మిత్రులైన సంస్కరణవాదులు తిరుగుబాటు చేసి విఫలులైనారు. చదువు ఆగిపోయింది. ఐరోపా మీదుగా 1885 చివర స్వదేశం చేరిన కిల్‌చున్‌ను ప్రభుత్వం నిర్బంధించింది. ఆ నిర్బంధం 1892 వరకు సాగింది. ప్రపంచాన్ని చుట్టివచ్చిన యువకుడు ఒక ఇంటి ప్రహరీ దాటరాని బందీ అయినాడు. కాని ఆ ఏకాంతమే ఆయనను రచయితను చేసింది.

అక్కడ వ్రాసిన ‘సొయు క్యోన్‌మున్’, అనగా పాశ్చాత్య యాత్రలో కన్నవి విన్నవి, 1889లో పూర్తియై 1895లో టోక్యోలో అచ్చయింది. ఇరువది ప్రకరణాల ఈ గ్రంథం కేవలం యాత్రాకథనం కాదు. దేశాల హక్కులు, ప్రజల హక్కులు, పన్నులు, పాఠశాలలు, వైద్యశాలలు, పత్రికలు, ఆవిరి యంత్రాలు, మహానగరాలు అన్నీ ఇందులో ఉన్నాయి. పండితులు శుద్ధ చీనాభాషలోనే వ్రాసే ఆ కాలంలో ఆయన దేశీయమైన కొరియా లిపిని చీనా అక్షరాలతో కలిపి వ్రాశాడు. ఇది పండితమర్యాద కాదని మిత్రుడొకడు ఆక్షేపించినా, కొద్దిపాటి చదువుగలవారికి కూడ అర్థం కావాలన్నదే తన ఉద్దేశమని ముందుమాటలో సమాధానం చెప్పుకొన్నాడు.

నాగరికతను గూర్చి ఆయన చేసిన విచారణ నేటికిని మననం చేయదగినది. పరదేశీయమైనదంతా గొప్పదని తన దేశాన్ని తూలనాడేవాడు నాగరికతకు అపరాధి. పరదేశీయమైనదంతా నీచమని త్రోసివేసేవాడు శత్రువు. ఇక నోట విదేశీ చుట్ట, రొమ్మున గడియారం తగిలించుకొని, పరదేశాల కబుర్లు చెప్పడమే నాగరికత అనుకొనేవాడు నాగరికతకు వికలాంగుడు. తన దేశపు మేలును నిలుపుకొంటూ, ఇతరుల మేలును పరీక్షించి గ్రహించడమే నిజమైన మార్గమని ఆయన నిర్ణయం.

1894లో సంస్కరణల ప్రభుత్వం ఏర్పడగా ఆయన పదవులు పొంది, మరుసటి సంవత్సరం దేశీయ వ్యవహారాల మంత్రి అయినాడు. 1895 అక్టోబరులో జపానువారి చేతిలో రాణి మిన్ హత్యకు గురైనది. ఆ తరువాత కూడ జపాను అండగల మంత్రివర్గంలో కొనసాగడం ఆయన జీవితంలో మాయని మచ్చ. ఆ డిసెంబరు 30న పురుషులందరు సిగలు కత్తిరించుకోవాలన్న శాసనం వెలువడింది. యువరాజు సిగను కిల్‌చున్ స్వహస్తాలతో కత్తిరించాడు. తల్లిదండ్రులిచ్చిన శరీరంలో కేశాలు సైతం పవిత్రమని నమ్మే జాతికి అది అవమానంగా తోచింది. నగరద్వారాల వద్ద రక్షకభటులు కత్తెరలతో నిలువగా గ్రామీణులు సరకులతో రావడం మానివేశారు. సియోల్‌లో ధరలు పెరిగాయి. పల్లెలలో తిరుగుబాట్లు లేచాయి.

1896 ఫిబ్రవరి 11న రాజు కోజోంగ్ రహస్యంగా రష్యా రాయబార కార్యాలయంలో తలదాచుకోగా మంత్రివర్గం కూలింది. ప్రధాని కిమ్ హోంగ్‌జిప్‌ను జనం వీధిలోనే చంపారు. కిల్‌చున్‌ను తొలిసారి జపానుకు తీసికొనిపోయిన ఒ యున్‌జుంగ్ కూడ అదే విధంగా హతుడైనాడు. కిల్‌చున్ జపానుకు పారిపోయాడు. అక్కడినుండి నడిపిన కుట్ర బయటపడగా జపాను ప్రభుత్వం ఆయనను దూరద్వీపాలకు పంపింది.

1907లో తిరిగి వచ్చిన కిల్‌చున్ చేత కత్తెర లేదు, పాఠ్యపుస్తకం ఉన్నది. విద్యావ్యాప్తికై హుంగ్‌సాదాన్ అనే సంఘం స్థాపనలో పాల్గొన్నాడు. 1908లో కూలిజనుల రాత్రిపాఠశాలలకు వాచకం, 1909లో కొరియా భాషావ్యాకరణం ప్రకటించాడు. 1910లో దేశాన్ని కలుపుకొన్న జపాను ప్రభుత్వం బారన్ బిరుదు ఇవ్వగా నిరాకరించాడు. 1914 సెప్టెంబరు 30న మరణించాడు.

సిగ తీసినంతమాత్రాన తలలోని చీకటి తొలగదు. అమెరికాలో తాను ఇష్టపూర్వకంగా చేసిన పనినే శాసనంగా మార్చినప్పుడు ప్రజలు ఆయనకు దూరమైనారు. పగలంతా శ్రమించిన కూలివాని చేతికి అక్షరాన్ని అందించినప్పుడు ఆయన మరల వారికి దగ్గరైనాడు. విద్యార్థులారా! రేపు మీలో కొందరికి అధికారం రావచ్చు. అప్పుడు కిల్‌చున్ గ్రంథంతోపాటు ఆయన పొరపాటును కూడ జ్ఞప్తియందుంచుకొందురని మా ఆకాంక్ష.