అత్తగారిని నవ్వుతో నిలిపిన భానుమతి

శ్రీమతి భానుమతీ రామకృష్ణగారు 1925 సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి దొడ్డవరమున జన్మించిరి. సంగీతము తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారి వద్దనే అలవడెను. 1939లో ‘వరవిక్రయము’ చిత్రమున, కట్నపు పెండ్లికి లోబడక ప్రాణము విడిచిన కాళిందిగా తెరపైకి వచ్చిరి. 1943లో, తండ్రి ఇష్టపడకున్నను, తాము మెచ్చిన రామకృష్ణారావుగారినే వివాహమాడిరి. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటను తామే దర్శకత్వము వహించి తీసిరి.

నటనయు గానమును అందరెరిగినవే. ఇంటింట ఆమెను ఆత్మీయురాలిని చేసినవి మాత్రము ‘అత్తగారి కథలు’. గయ్యాళి అత్తను చూపి నవ్వించుట సులభము. ఈ అత్తగారో, మడియు పెత్తనమును విడువని పెద్దావిడ. అయినను పసిపాపవలె అమాయకురాలు. తన తెలివిపై గల అపారమైన నమ్మకమే ఆమెను చిక్కులలో పడవేయును. కథ చెప్పు కోడలు ఎదురాడదు, ఎత్తిపొడవదు; నవ్వాపుకొనుచు అన్నియు చూచుచుండును. చిత్రసీమలో ఎవరికిని తలవంచదని పేరొందిన భానుమతిగారు ఇంత అణకువగల కోడలిని సృష్టించుట చమత్కారమే!

వయసు మీరిన పిదప, 1984లో ‘మంగమ్మగారి మనవడు’ చిత్రమున మంగమ్మగా మరల జనులను మెప్పించిరి. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూసిరి. అత్తగారు మాత్రము ఆవకాయ జాడీలతో, మడిబట్టలతో పాఠకుల ఇండ్లలోనే ఉండిపోయినది.