మూడోసారి గెలిచిన మనిషి: డా. యల్లాప్రగడ సుబ్బారావు



పదో తరగతి తప్పిన తమ్ముడు ట్రంకు పెట్టె తీసుకుపోవడానికి వచ్చి, ఇక చదువు మానేస్తానంటాడు. మన కామవరపుకోట హాస్టల్‌లో నేనున్న రోజుల్లో అలాంటి వాళ్ళను చూశాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే కాబట్టి ఆ భయం నాకూ తెలుసు. అందుకే ఈ మహనీయుని గురించి రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించి ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు చిన్న పట్టా అయిన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది.

1922లో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రి కూలి పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ ఫిస్కేతో కలిసి, రక్తంలో భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత సరిగా కుదరడం వల్లే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో మన పాఠ్యపుస్తకాల్లోని ఏటీపీ బయటపడ్డాయి. సృజనాత్మకత అంటే హఠాత్తుగా మెరిసే మెరుపు కాదని, చిన్న పనిని ఓపికగా పదిసార్లు చేయడమని దీనివల్ల తెలుస్తుంది.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారైంది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందుగా పనికివచ్చింది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, తరువాత ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. మన గోదావరి పల్లెల్లో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే! పేరు కోసం పాకులాడక సహచరులను ముందు నిలపడం ఆయన గుణం. 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూశారు.

అయితే ఒక్క మాట. పట్టుదల ఒక్కటే చాలదు. ఆయన ప్రయాణానికి కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ధనసహాయం చేశారు. మనకు ఈ హాస్టల్ పెట్టిన అన్నమూ అలాంటిదే. కాబట్టి తప్పిన తమ్ముడి పెట్టెను మనమే మళ్ళీ లోపల పెట్టాలి. ఫీజు కట్టి, పక్కన కూర్చోబెట్టి చదివించాలి. మూడోసారి అనేది ఒకటి ఉంటుందని వాడికి చెప్పాలి.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ