వైణు బాపు : నక్షత్ర తేజస్సును తూచిన శాస్త్రజ్ఞుడు

ఆకాశంలో మిణుకుమనే చుక్క నిజముగా చిన్న దీపమా, లేక దూరాన మండే మహాగ్నియా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో జీవితాన్ని ధారపోసిన మహనీయుడు మానలి కల్లట్ వైణు బాపు.

1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించినా, ఆయన పెరిగింది హైదరాబాదులోనే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగి. నిజాం కళాశాలలో చదివిన బాపు, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో 1949లో హార్వర్డు చేరి, ఆ ఏడాదే ఒక తోకచుక్కను కనుగొన్నారు. 1952లో డాక్టరేటు పొందారు.

ఖగోళ శాస్త్రంలో కంటికి కనిపించే కాంతి దృశ్య పరిమాణం; వస్తువును 32.6 కాంతి సంవత్సరాల దూరాన నిలిపితే కనిపించేది నిరపేక్ష పరిమాణం. అంకె తగ్గినకొద్దీ కాంతి హెచ్చు. 5 అంకెల తేడా అంటే కాంతిలో 100 రెట్ల తేడా. భద్రాచలం అడవుల చీకటిలో మసక మచ్చగా కనిపించే ఆండ్రోమెడా గెలాక్సీ దృశ్య పరిమాణం 3.4. దాని దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. లెక్కించగా నిరపేక్ష పరిమాణం సుమారు −21. సూర్యునిది 4.8. అనగా ఆ మచ్చ తేజస్సు దాదాపు 2,000 కోట్ల సూర్యులకు సమానం!

అయితే దూరం తెలియనిదే ఈ లెక్క సాగదు. దూరం తెలియకున్నా తేజస్సు తెలుసుకొను మార్గమేది? 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి బాపు ఒక మార్గం చూపారు. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం 'కె' రేఖ నడుమ వెలిగే సన్నని గీత ఎంత వెడల్పైతే, ఆ నక్షత్రం అంత తేజోవంతం. వెడల్పు కొలిస్తే నిజ తేజస్సు, దానినుండి దూరం తెలియవచ్చును. ఇదే విల్సన్-బాపు ప్రభావం.

విదేశాలలో ఎంత కీర్తి లభించినా ఆయన స్వదేశానికే తిరిగివచ్చారు. నైనిటాల్‌లో పనిచేసి, 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యతలు స్వీకరించారు. తమిళనాడులోని జవ్వాది అడవులలో, నగర దీపాలకు దూరంగా, కావలూరు కేంద్రాన్ని నెలకొల్పారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులైనారు.

మన దేశంలోనే 2.3 మీటర్ల దూరదర్శిని నిర్మించాలన్నది ఆయన ఆశయం. అది పూర్తికాకుండానే 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో పరమపదించారు. 1986లో ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు. తాను చూడజాలని కాంతిని రాబోవు తరాలకు అందించిన ఈ మహనీయుని కృషి, విద్యార్థి లోకానికి సదా మార్గదర్శకం.