చెట్టునీడ నుండి మైదానమునకు: బుచ్చిబాబు నాయుడు

క్రికెట్టాటలో ఇరుపక్షములును మైదానమున నిలిచి యున్నంతసేపు సమానులే. తారతమ్యములు బయటపడునది భోజన విరామమున. పంతొమ్మిదవ శతాబ్దపు చెన్నపట్టణమున ఈ సంగతి భారతీయ క్రీడాకారులకు అనుభవముమీద తెలిసినది. 1846లో వెలసిన మద్రాసు క్రికెట్ క్లబ్బు, 1865 నుండి చేపాక్‌లో, ఒకప్పుడు ఆర్కాటు నవాబులు నివసించిన మహలుకు చేరువగా తన మైదానము నేర్పరచుకొనెను. అందు సభ్యత్వము తెల్లవారికే. మనవారి జట్టు ఆటకు వచ్చినను, మధ్యాహ్నము కాగానే దొరలు పెవిలియనులోనికి పోయి బల్లలముందు కూర్చుండెడివారు. మనవారు చెట్లక్రిందికి పోవలసివచ్చెడిది. ఒకే బంతివెంట ఒకే యెండలో పరుగెత్తినవారికి నీడలు మాత్రము వేరు.

ఆ చెట్టునీడను చూచి బాధపడినవారు పెక్కుమంది యుండవచ్చును. బాధపడి ఊరకుండక మరియొక మైదానమును సిద్ధపరచినవాడు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. లోకమునకు ఆయన బుచ్చిబాబు.

ఆయన 1868లో సంపన్నమైన తెలుగు కుటుంబమున జన్మించెను. మాతామహుడు వెంకటస్వామి నాయుడు పారీ కంపెనీకి దుబాషి. బుచ్చిబాబును దత్తత చేసికొని పెంచినవాడును ఆయనయే. రెండు భాషల నెరిగినవాడు దుబాషి యని శబ్దార్థము. కాని ఆ యుద్యోగము ఉభయభాషా పరిజ్ఞానముతో తీరునది కాదు. దొరకు సరకు సమకూర్చవలెను, అప్పు పుట్టింపవలెను, ఊరివారితో బేరము కుదుర్పవలెను. తెల్లవారికిని దేశీయులకును నడుమ నిలిచి యిరుప్రక్కల నమ్మకము నిలుపుకొన్నవానికే ఆ వృత్తిలో ధనము చేకూరెడిది. మైలాపూరులోని లజ్ హౌసను విశాలమైన భవనమున, ఆంగ్ల వనితల పర్యవేక్షణలో బాలుడు పెరిగెను. గుఱ్ఱపుస్వారి, టెన్నిసు, క్రికెట్టు ఆయనకు చిన్ననాటనే పట్టుబడినవి.

ఇట్టి పెంపకము పొందినవానికి దొరల మర్యాదలు తన వరకు లభించిన చాలునను తృప్తి సులభముగా కలుగును. ఆ కాలపు ధనికులలో అట్టి తృప్తి అరుదు కాదు. బుచ్చిబాబు విశిష్టత ఇక్కడనే యున్నది: తన యొక్కనికి కుర్చీ దొరకుటతో ఆయన సమాధానపడలేదు, జట్టంతటికిని దొరకవలెనని పట్టుపట్టెను.

1888లో, ఇరువది యేండ్ల ప్రాయమున, ఆయన మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పెను. కోటకును, నాడు నల్లపట్టణమనబడిన జార్జిటౌనుకును నడుమనున్న ఎస్ప్లనేడు బయలు దానికి నెలవాయెను. స్థలము దొరకినంతమాత్రమున జట్టు తయారుకాదు. బ్యాట్లు, బంతులు, కాళ్లకు కట్టుకొను ప్యాడ్లు సీమనుండి రావలసిన సరకు; చిన్న గుమాస్తాకో, కళాశాల విద్యార్థికో అందుబాటులోనివి కావు. ఆటగాండ్రకు పరికరములను, తెల్లని దుస్తులను సైతము బుచ్చిబాబే సమకూర్చెడివాడు. ఒక్కని ధనసంచిపై ఆధారపడిన సంస్థకు ఆయుర్దాయము తక్కువయని లౌకికులు తలంచియుందురు. కాని ఆ క్లబ్బు ఆయన తరువాతను నిలిచినది. దాని దారినే పట్టణమున మరికొన్ని భారతీయ క్లబ్బులు పుట్టినవి. దక్షిణభారత క్రికెట్టునకు పితయను పేరు ఆయనకు వచ్చుట ఈ కృషివలననే. ఆటలో చూపిన నేర్పు అటుపిమ్మటి మాట.

ఆయన హృదయమున మరియొక కోరిక యుండెను. చేపాక్‌లోనే, యూరోపియను జట్టుతో భారతీయ జట్టు సమస్కంధముగా తలపడవలెను. 1908లో మద్రాసు క్రికెట్ క్లబ్బు నాయకుడగు పార్ట్రిడ్జితో మాటలాడి అట్టి పోటీకి ఒప్పందము చేసికొనెను. ఆ యేటి చివర, ఆట ఇంకను ప్రారంభము కాకమునుపే, ఆయన మరణించెను. నలువదియేండ్ల వయస్సు. కోరి తెచ్చుకొన్న ఆట తన కన్నులకు కరవైనది.

ఆట మాత్రము ఆగలేదు. 1915 మొదలు ఆ ప్రెసిడెన్సీ పోటీ ప్రథమశ్రేణి క్రికెట్టుగా లెక్కకెక్కి, ఏటేట సంక్రాంతి దినములలో చేపాక్‌లో జరుగుచు, పట్టణమునకొక పండుగ యయ్యెను. నాగపురమున పుట్టిన తెలుగుబిడ్డ కొఠారి కనకయ్య నాయుడు 1920వ దశకమున ఆ పోటీలలో భారతీయుల పక్షమున ఆడి చెన్నపురివాసులను పరవశింపజేసెను. 1932లో భారతదేశపు తొలి టెస్టుకు నాయకుడైనది ఆయనయే.

తండ్రి పేర కుమారులు 1909-10లో స్థానిక జట్లకు నెలకొల్పిన పోటీ, 1960వ దశకమున అఖిలభారత బుచ్చిబాబు టోర్నమెంటుగా విస్తరించెను. కుమారులలో ఒకడు మాతామహుని యింటికి దత్తుడై కోట రామస్వామి యను పేర ప్రసిద్ధుడయ్యెను. 1922లో డేవిస్ కప్పు టెన్నిసులో భారతదేశమునకు ఆడిన యీతడు, 1936లో నలువదవ యేట ఇంగ్లండున తొలి టెస్టు ఆడి, మాంచెస్టరులో 40, 60 పరుగులు తీసెను. ఇతరులు ఆట విరమించు వయస్సున ఆయన ఆరంభించెను!

ప్రెసిడెన్సీ పోటీలు 1952తో ముగిసినవి. ఆ యేటి ఫిబ్రవరిలోనే, అదే చేపాక్‌లో, భారత జట్టు ఇంగ్లండును ఓడించి తన మొట్టమొదటి టెస్టు విజయమును సాధించెను.