విప్పి చూస్తేనే విద్య!

* పాత మోటారు సైకిల్‌తో మొదలు.. బస్సుల సంస్థ దాకా పయనం
* కోయంబత్తూరు తెలుగువాడు జి.డి.నాయుడి జీవితం

కోయంబత్తూరు: అవినాశి రోడ్డు మీద వెళ్లేవారికి ఇప్పుడు నెత్తిమీద పొడవాటి వంతెన కనిపిస్తుంది. ఉప్పిలిపాళెం నుంచి గోల్డ్‌విన్స్ దాకా పది కిలోమీటర్ల పైచిలుకు. 2025 అక్టోబరులో ప్రారంభమైన ఆ వంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి.నాయుడి పేరు పెట్టింది. అదే రోడ్డు పక్కన ఆయన కుటుంబం నడిపే పాత కార్ల మ్యూజియం ఉంది. ఆ పేరు వెనకున్న కథంతా ఓ పాత మోటారు సైకిల్‌ను ఊడదీయడంతో మొదలైంది. ఊడదీసింది బడి చదువు అబ్బని ఓ తెలుగు రైతు బిడ్డ.

బడికి దూరం.. బండికి దగ్గర

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో పుట్టారు. తరాల కిందట కొంగు నేలకు వలస వచ్చి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పుట్టిన కొద్దికాలానికే తల్లి పోయింది. బడికి పంపితే అయ్యవారి మీద ఇసుక చల్లి పారిపోయాడని చెబుతారు. ఎలాగైతేనేం, చదువు ప్రాథమిక తరగతుల్లోనే ఆగిపోయింది. పొలం పనికి పెట్టారు.

అప్పుడే ఊరి దారిలో లాంకషైర్ అనే రెవెన్యూ దొర రడ్జ్ కంపెనీ మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి తనంతట తనే పరుగెడుతోంది. మారుమూల పల్లె కుర్రాడికి అది వింతే మరి. బండి ఆగిపోతే దొర అక్కడే కూర్చుని బాగుచేసుకున్నాడని, దొరస్వామి పరుగున వెళ్లి కిరసనాయిలు, పాత గుడ్డ తెచ్చిచ్చాడని ఊళ్లో చెప్పుకుంటారు. బండి కదిలి వెళ్లిపోయింది కానీ కుర్రాడి మనసు దాని వెంటే పోయింది.

సొంతంగా అలాంటిది కొనాలనుకున్నాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇంట్లో చెప్పకుండా కోయంబత్తూరు చేరి ఓ హోటల్లో సర్వరుగా కుదిరాడు. ఎంగిలి బల్లలు తుడిచి, జీతం రాళ్లు కూడబెట్టాడు. కొన్నేళ్లకు మూడు వందల రూపాయలు పోగయ్యాయి. ఆ డబ్బుతో దొర దగ్గరే బండి కొన్నాడు.

కొన్నాక ఎక్కి తిరగడంతో సరిపెట్టుకోలేదు. పానా పట్టి ఏ ముక్కకు ఆ ముక్క ఊడదీశాడు. అప్పట్లో ఆ చుట్టుపక్కల నేర్పే బడి లేదు. పుస్తకం ఉన్నా ఇంగ్లిషులో ఉండేది. పెట్రోలు, గాలి కలిసేది ఎక్కడ, నిప్పురవ్వ పుట్టేది ఎక్కడ, పిస్టన్ కదలిక చక్రం దాకా ఎలా వెళుతోంది.. ఇవన్నీ చేత్తో తడిమి తెలుసుకున్నవే. ఊడదీసిన వరసను గుర్తుపెట్టుకుని తిరిగి బిగించాడు. పాత బండి కొన్నవాడు మెకానిక్ అయ్యాడు.

పొళ్లాచి - పళని బస్సు

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిరుప్పూరులో పత్తి వ్యాపారం కలిసొచ్చింది. ఆ ధీమాతో బొంబాయి వెళ్లారు. అక్కడి పత్తి బజారు ఉన్నదంతా ఊడ్చేసింది. ఖాళీ చేతులతో తిరిగి వచ్చారు. పోనిది ఒక్కటే, యంత్రం గుట్టు తెలిసిన చేయి. కోయంబత్తూరులో పేరున్న వర్తకుడు రాబర్ట్ స్టేన్స్ ఆ పనితనం చూసి, బస్సు కొనుక్కోవడానికి సాయం చేశారు.

1920లో పొళ్లాచి, పళని మధ్య ఆ బస్సు రోడ్డెక్కింది. డ్రైవరు నాయుడే. ఉడుమలపేట మీదుగా అరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. పొళ్లాచి సంతకు వెళ్లే రైతులు, పళని కొండకు వెళ్లే భక్తులు. గిరాకీకి కొదవ లేదు. బండిని నిలబెట్టడమే కష్టం. మట్టి రోడ్డు దుమ్ము ఇంజిన్లోకి చేరుతుంది, ఎండకు రేడియేటర్ మరుగుతుంది, గతుకులకు స్ప్రింగు పట్టీలు విరుగుతాయి. విడిభాగం కావాలంటే ఓడ మీద రావాలి. వచ్చేదాకా బస్సు షెడ్డులో ఉంటే అప్పు ఎవరు తీర్చాలి? బాగుచేసుకోవడం తెలిసిన యజమానికే ఈ వ్యాపారం నిలుస్తుంది. నాయుడు నిలవడానికి కారణం అదే.

ఒక్క బస్సు పది బస్సులై, యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. జనం నోట యూఎంఎస్. దేశంలోనే పెద్ద బస్సు సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. బస్సులతో పాటు వర్క్‌షాపూ పెరిగింది. బయటి నుంచి రావాల్సినవి ఇక్కడే చేసుకోవచ్చేమో చూడటం అలవాటైంది. ఇంజిన్ అదురును పట్టి చూసే పరికరం అలా పుట్టిందే.

మోటారు నుంచి రేజరు దాకా

1937లో పీలమేడులో డి.బాలసుందరం నాయుడితో కలిసి విద్యుత్ మోటారు తయారు చేశారు. దేశంలో తయారైన తొలి మోటారుగా దాన్ని చెబుతారు. ఆ తర్వాత కోయంబత్తూరు చుట్టూ మోటార్లు, పంపుసెట్లు, ఫౌండ్రీలు ఎలా పెరిగాయో ఈ ప్రాంత రైతులందరికీ తెలిసిందే.

విదేశాలు తిరిగినా దృష్టి యంత్రాల మీదే. మెడలో కెమెరా. 1936లో లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారు పెట్టి ఆయన రూపొందించిన రేజరు రసాంత్ పేరుతో జర్మనీలో తయారైంది. పల్చటి షేవింగ్ బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి తావులేని ఓట్ల యంత్రం.. చెప్పుకుంటూ పోతే జాబితా పొడవే. పొలాన్నీ వదల్లేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలపై ఆయన చేసిన ప్రయోగాలను చూడటానికి సర్ సి.వి.రామన్, విశ్వేశ్వరయ్య వంటివారు వచ్చారు.

తను పోగొట్టుకున్న చదువును పదిమందికీ తన పద్ధతిలో ఇవ్వాలనుకున్నారు. 1945లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కళాశాల వెలిశాయి. నాయుడే ప్రిన్సిపాల్. మూడో తరగతి దాటని మనిషి ఇంజినీర్లను తయారుచేసే కుర్చీలో కూర్చున్నారన్నమాట. యంత్రం ముందు నిలబెట్టి నేర్పితే నాలుగేళ్ల చదువు రెండేళ్లలో వస్తుందన్నది ఆయన లెక్క. సర్కారు ఒప్పుకోలేదు. ఆయన తప్పుకొన్నారు. ఆ ఇంజినీరింగ్ కళాశాలే తర్వాతి కాలంలో కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది.

రెండు వేల రూపాయల కారు

ఆయన జీవితంలో పెద్ద దెబ్బ 1952లో తగిలింది. ఆ ఏడు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు ఒకటి ఆయన ఆధ్వర్యంలో తయారై బయటికొచ్చింది. ధర రెండు వేల రూపాయలు. కారంటే జమీందారులకు, మిల్లు యజమానులకు అనుకునే కాలం అది. బడిపంతులు, చిన్న రైతు కూడా ఆశపడగల ధర.

అయితే స్వతంత్ర దేశంలో పరిశ్రమ పెట్టాలంటే 1951 నాటి చట్టం కింద ఢిల్లీ అనుమతి తప్పనిసరి. ఎవరు తయారు చేయాలో, ఎంత చేయాలో అక్కడే తేలాలి. నాయుడికి లైసెన్సు దక్కలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. పన్నులు, అనుమతుల తీరుపై కోపంతో ఆయన తన వస్తువులను జనం ముందే పగలగొట్టించారు. కష్టపడి చేసినవి అలా నాశనం చేయడమేమిటని మెచ్చనివారూ ఉన్నారు. ముక్కలను కూర్చి బండి నిలబెట్టడంతో పైకొచ్చిన మనిషి, చేతులారా ముక్కలు చేయించాల్సి వచ్చింది. ఎంత మంట పుడితే ఆ పని చేశారో!

ఆ కారు నడిచి ఉంటే జనం ఆదరించేవారో లేదో చెప్పలేం. పరీక్షకు దానికి అవకాశమే రాలేదు. సామాన్యుడి కారు అనే మాట మళ్లీ గట్టిగా వినపడింది 2008లో, టాటా నానోను చూపినప్పుడు. అప్పటికి నాయుడు పోయి 34 ఏళ్లు.

చివరి రోజుల్లో ఆయన మనసు జనానికి చూపించడం మీదే ఉంది. 1967లో తన పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాల నెలకొల్పారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

మళ్లీ పానా పట్టిన ఇల్లు

వారసులు ఆ అలవాటును వదల్లేదు. సేకరించిన పాత కార్లతో 2015లో అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియం తెరిచారు. పలు దేశాల కార్లు అక్కడ కొలువుదీరాయి.

పాత కారును నిలబెట్టడం డబ్బుతోనే అయ్యే పని కాదని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌లో పిస్టన్ పట్టేస్తుంది. తొందరపడి తిప్పితే విరుగుతుంది. నూనె పోసి రోజుల తరబడి నాననివ్వాలి. పెట్రోలు ట్యాంకులో తుప్పు పొరలు కడగాలి. రబ్బరు గొట్టాలు బిరుసెక్కి పగులుతాయి. వైర్ల పైపొర పొడి అవుతుంది. కొన్ని భాగాలు ఎక్కడా దొరకవు. పాతది కొలత తీసి లేతు మీద కొత్తది చేయించాలి. అందుకే కొనేముందు పైరంగు చూసి మురిసిపోకుండా, కింద పడుకుని చాసిస్‌కు తుప్పు ఎంత పట్టిందో చూడమంటారు. బాగయ్యాక కూడా అప్పుడప్పుడూ స్టార్టు చేసి నడపాల్సిందే. గుడ్డ కప్పి వదిలేస్తే చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఊడదీసేటప్పుడు వరస గుర్తుపెట్టుకోవడం, ప్రతి నట్టునూ దాని బోల్టుతో కలిపి దాచడం ఇందులో మొదటి పాఠం. కోయంబత్తూరులో ఆ పాఠాన్ని మూడు వందల రూపాయల బండి మీద, చెప్పేవారు లేకుండా నేర్చుకున్న కుర్రాడి పేరే ఇవాళ వంతెన మీద ఉంది. ఆయన చేయాలనుకున్న కారు మాత్రం ఆ రోడ్డు మీద తిరగలేదు.