విద్యను విక్రయింపని విజ్ఞాని: జగదీశచంద్ర బోసు

భరతఖండమున ఆధునిక విజ్ఞానశాస్త్రమునకు పునాదులు వేసిన మహనీయులలో ఆచార్య జగదీశచంద్ర బోసుగారు అగ్రగణ్యులు. వృక్షములకును స్పందనము గలదని ప్రయోగపూర్వకముగా చూపిన వారిగా వారిని ఎల్లరును ఎరుగుదురు. కాని వారి జీవితమున అంతగా ప్రచారము పొందని ఘట్టమొకటి కలదు. కళాశాలలో ఆచార్యుడు కనుగొనిన క్రొత్త విషయము ఎవరి సొత్తు? దానిపై పేటెంటు పొంది, అనగా కొంతకాలము అన్యు లెవ్వరును వాడరాని హక్కును ప్రభుత్వమునుండి పొంది, ధనము గడింపవచ్చునా? లేక లోకమునకు ధారపోయవలయునా? ఈ ప్రశ్న వారిని నడివయస్సున నిలువదీసెను.

బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన, నేటి బంగ్లాదేశములోని మైమన్‌సింగ్‌లో జన్మించిరి. తండ్రి భగవాన్‌చంద్ర బోసుగారు ప్రభుత్వోద్యోగి. వారు కుమారుని మొదట ఆంగ్లపాఠశాలకు పంపక, వంగభాషలో బోధించు బడికే పంపిరి. అచ్చట జాలరివారి బిడ్డల సరసన కూర్చుండి జగదీశుడు అక్షరములు దిద్దెను. ప్రజలకు మేలు కలుగునని తండ్రి ఆరంభించిన వ్యాపారములు నష్టపడుటచే కుటుంబమును ఋణములు చుట్టుముట్టెను. కాబట్టి ధనము లేని బాధ యెట్టిదో బోసుగారు బాల్యముననే ఎరుగుదురు.

కలకత్తాలోని సెంట్ జేవియర్ కళాశాలలోను, పిదప ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోను విద్య ముగించి, వారు 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులైరి. ఆనాడు భారతీయునకు ఆంగ్లేయుని జీతములో మూడింట రెండువంతులు మాత్రమే ఇచ్చెడివారు. నియామకము తాత్కాలికమగుటచే వారికి ఆ మొత్తములోను సగమే నిర్ణయించిరి. బోసుగారు పాఠములు మానలేదు, జీతము ముట్టలేదు. మూడేండ్లు అట్లే గడచిన పిమ్మట అధికారులు పూర్తి జీతమును మొదటి దినమునుండి లెక్కగట్టి చెల్లించిరి. ఆ సొమ్ము తండ్రి ఋణములు తీర్చుటకు వినియోగపడెను. మదరాసు వైద్యకళాశాలలో కొంతకాలము చదివిన అబలాదేవిగారు 1887లో వారి సహధర్మచారిణియై, ఆ కష్టకాలమున తోడు నిలిచిరి.

కళాశాలలో ప్రయోగశాల యనదగినది లేదు. స్నానపుగది ప్రక్కనున్న 24 చదరపు అడుగుల చోటే వారి ప్రయోగశాల. ఒక రేకుపనివాడే వారి సహాయకుడు. 1894లో పరిశోధన నారంభించి, కొలది మిల్లీమీటర్ల పొడవుగల విద్యుత్తరంగములను పుట్టించి, వానిని పసికట్టు పరికరములను స్వయముగా నిర్మించిరి. కలకత్తా టౌనుహాలులో జరిపిన ప్రదర్శనమున ఆ తరంగములు గోడలను దాటిపోయి దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చెను.

1901 మే 10వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో వారు ఉపన్యసించిరి. ఉపన్యాసమునకు ముందు ఒక ప్రసిద్ధ టెలిగ్రాఫు సంస్థ యజమాని పేటెంటు పత్రముతో వారిని సమీపించెను. రహస్యమును సభలో వెల్లడింపవలదనియు, పెట్టుబడి తాను పెట్టుదుననియు, లాభములో సగము తనకు చాలుననియు బ్రతిమాలెను. బోసుగారు అంగీకరింపలేదు. ఆ సంగతిని మిత్రుడైన రవీంద్రనాథ ఠాకూరుగారికి జాబు వ్రాయుచు, ధనాశ యను చక్రమున ఒకసారి చిక్కినచో తమకు విముక్తి లేదని తెలిపిరి.

అయినను హితులు ఊరకుండలేదు. సోదరి నివేదితయు, అమెరికా వనితయగు సారా బుల్‌గారును పట్టుబట్టిరి. బోసుగారు విడిచిన హక్కును మరియొకరు తమదిగా చేసికొందురనియు, భారతీయ శాస్త్రజ్ఞుని పేరే మరుగుపడిపోవుననియు వారి భయము. వారి ప్రోత్సాహముచే 1901లో అమెరికాలో దరఖాస్తు వేయగా, 1904 మార్చి 29వ తేదీన 7,55,840 సంఖ్యగల పేటెంటు లభించెను. గెలీనా యను సీసపు ఖనిజముతో తరంగములను పసికట్టు సాధనమునకు సంబంధించినది అది. అందు సగము హక్కు సారా బుల్‌గారి పేర నుండెను. కాని బోసుగారు దానివలన ధనార్జనకు పూనుకొనలేదు.

స్నేహితుల భయము నిరాధారము కాదు. ఇనుము, పాదరసములతో చేసిన గ్రాహకమును బోసుగారు 1899లోనే రాయల్ సొసైటీకి నివేదించిరి. అదే తీరు గ్రాహకమును 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ సముద్రము మీదుగా వచ్చిన సంకేతమును వినుటకు వాడెను. ఈ సంబంధమును 1998లో వెలువడిన ఒక పరిశోధనవ్యాసము సవివరముగా చూపెను. 1909లో మార్కోనికి నోబెల్ బహుమానము వచ్చెను. నిస్తంత్రీ వార్తల చరిత్రలో బోసుగారి పేరు మాత్రము చిరకాలము వెనుకబడియుండెను.

విద్యను పరిశ్రమగా మార్చుట దోషమని దీని భావము కాదు. అదే కళాశాలలో రసాయనాచార్యులైన ప్రఫుల్లచంద్ర రాయిగారు 1892లో స్వల్పమైన సొంతసొమ్ముతో ఔషధముల తయారీ నారంభించిరి. అదియే బెంగాల్ కెమికల్స్ సంస్థయై అనేకులకు జీవనాధార మయ్యెను. ఒకరు విద్యను కర్మాగారమునకు చేర్చిరి, వేరొకరు హక్కును విడిచిరి. ఇరువురును తమకొరకు కూడబెట్టుకొనలేదు.

బోసుగారు 1917 నవంబరు 30వ తేదీన, తమ జన్మదినముననే, తమ పొదుపు సొమ్ముతోను దాతల విరాళములతోను కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించిరి. అచ్చట కనుగొనబడిన విషయములు లోకమందరి సొత్తనియు, వానిపై పేటెంట్లు తీసికొనరాదనియు నియమము పెట్టిరి. 1920లో రాయల్ సొసైటీ వారిని సభ్యులుగా ఎన్నుకొనెను. 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో వారు పరమపదించిరి. 2012లో అంతర్జాతీయ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ వారి మిల్లీమీటరు తరంగ ప్రయోగములను చారిత్రక ఘట్టముగా గుర్తించెను.

హక్కును విడిచినందున వారు ధనమును కోల్పోయిరి, కొంతకాలము కీర్తినికూడ కోల్పోయిరి. కీర్తి ఆలస్యముగానైనను తిరిగివచ్చినది. ధనమును వారు ఆశింపనేలేదు.