ఒక్కరే రాసినా నిలిచిన తీర్పు – జస్టిస్ కోకా సుబ్బారావు

ఈసారి మన గోడపత్రికలో, భారతదేశ ప్రధాన న్యాయమూర్తి అయిన మొట్టమొదటి తెలుగాయన గురించి తెలుసుకుందాం.

కోకా సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. అక్కడే కాలేజీ చదువు చదివి, మద్రాసులో లా పూర్తి చేశారు. కొన్ని నెలలు బాపట్లలో మునసబుగా పనిచేసినా, ఎక్కువకాలం మద్రాసులోనే వకీలుగా ఉన్నారు. 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, హైకోర్టు హైదరాబాదుకు వచ్చింది. అప్పట్నుంచి మన నల్లగొండ జిల్లా అప్పీళ్ళు కూడా ఆయన కోర్టుకే పోయినయి. 1958 జనవరిలో సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

పెద్ద కేసులను సుప్రీంకోర్టులో ఐదుగురో, అంతకన్నా ఎక్కువమందో జడ్జీలు కలిసి వింటారు. ఎక్కువమంది చెప్పిందే తీర్పు. ఒప్పుకోని జడ్జి తన కారణాలు వేరుగా రాయవచ్చు. అది అమలు కాదు గానీ రికార్డులో ఉంటుంది. సుబ్బారావు గారు అట్ల వేరుగా రాసిన తీర్పులు చాలా ఉన్నాయి. అందులో రెండు మనం తెలుసుకోవాలి.

మొదటిది 1962 నాటి ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఈయన మీద దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు రాత్రిపూట వచ్చి తలుపు కొట్టి లేపేవాళ్ళు, ఎక్కడికి పోయినా కాపు కాసేవాళ్ళు. ఎరుకల వంటి తెగలను పుట్టుకతోనే దొంగలని రాసి, పోలీసుల ముందు హాజరు వేయించిన నేరస్థ తెగల చట్టం 1952 దాకా ఉండేది. కాబట్టి ఖరక్ సింగ్ బాధ మనకు తొందరగా అర్థమవుతుంది. ఆరుగురు జడ్జీలలో నలుగురు, రాత్రి ఇంటికి రావడం ఒక్కటే తప్పన్నారు. సుబ్బారావు గారు, జస్టిస్ షా గారు మాత్రం ఆ నిఘా అంతా తప్పేనని, మనిషి స్వేచ్ఛలో గోప్యత కూడా భాగమని రాశారు.

రెండోది 1963 నాటి దేవదాసన్ కేసు. ఎస్సీ, ఎస్టీల పోస్టులకు ఒక ఏడాది అభ్యర్థులు దొరకకపోతే, వాటిని వచ్చే ఏడాదికి కలిపే పద్ధతి ఉండేది. నలుగురు జడ్జీలు అది చెల్లదన్నారు. ఐదో ఆయన సుబ్బారావు గారు ఒక్కరే చెల్లుతుందన్నారు. పందెం గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత దగ్గర నిలబెట్టి ఉరికిస్తే అది సమానత్వం కాదని వివరించారు. రిజర్వేషన్ సమానత్వంలో భాగమేనని ఆయన వాదన.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో పార్లమెంటు కూడా ప్రాథమిక హక్కులను తీసెయ్యలేదని తీర్పిచ్చారు. ఆరుగురు ఒకవైపు, ఐదుగురు మరోవైపు. అప్పట్లో ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే గనక, ఈ తీర్పు పేదలకు భూమి పంచడానికి అడ్డమని చాలామంది విమర్శించారు. అయితే అంతకుముందు చేసిన భూసంస్కరణలు చెల్లుతాయని ఆయన ఆ తీర్పులోనే చెప్పారు.

ఏప్రిల్ 11న పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్లు, ఈయనకు 3,63,971 ఓట్లు వచ్చినయి. ప్రధాన న్యాయమూర్తి కుర్చీ దిగి ఎన్నికలకు పోవడం బాగాలేదని కూడా కొందరన్నారు. 1976 మే 6న ఆయన కన్నుమూశారు.

ఇక ఆయన తీర్పులు ఏమైనయో చూడండి. ఆయన గెలిచిన గోలక్‌నాథ్ తీర్పును 1973లో 13 మంది జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. రాజ్యాంగం మూల స్వరూపాన్ని మాత్రం పార్లమెంటు మార్చలేదని చెప్పింది. ఓడిన మాటలేమో గెలిచినయి. రిజర్వేషన్ సమానత్వంలో భాగమేనని 1975లో కేరళ కేసులోనూ, 1992లో తొమ్మిదిమంది జడ్జీల తీర్పులోనూ సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మిగిలిన పోస్టులను ఆ ఏడాది 50 శాతం లెక్కలో కలపనక్కర లేదని 2000లో రాజ్యాంగాన్నే సవరించారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. ఆ రోజుకు సుబ్బారావు గారు పోయి 41 ఏండ్లు.

మిత్రులారా! పేపర్లో ఎస్టీ బ్యాక్‌లాగ్ పోస్టులు అని పడితే మన అన్నలు, అక్కలు అప్లికేషన్లు పెడుతుంటారు కదా. ఆ పోస్టులు న్యాయమేనని 1963లో ఐదుగురిలో ఒక్కరే నిలబడి కారణాలతో సహా రాసిపెట్టారు. ఆ ఒక్కరి పేరు గుర్తుంచుకుందాం.